అడిగింది వింత... చెప్పింది విశ్వాసం

కాశీయాత్ర ముగించుకొని వచ్చినవారి చుట్టూ ఇరుగుపొరుగువారు చేరతారు. రైలులో చోటు దొరికిందా, సత్రంలో వసతి ఎలా ఉంది, గంగ నిండుగా ఉందా అని అడుగుతారు. విశ్వనాథుని సన్నిధిలో నిలిచిన క్షణాన మీ మనసు ఏమైందని అడిగేవారు మాత్రం అరుదు. దూరదేశం వెళ్ళి వచ్చినవారి నుంచి లోకం కోరేది వింతలనే. అందుకే, జీవితాన్ని ధారపోసిన దైవాన్ని గురించి సొంతవారి ముందు నోరు విప్పడం ఎంతటి సాధకునికైనా కఠిన పరీక్ష. ఆ పరీక్షకు నిలిచిన ఇద్దరు క్రైస్తవ మిషనరీల వృత్తాంతం ఇది. ఇద్దరూ అమెరికా దేశీయులే. ఒకరు బర్మాలోను, మరొకరు మన నెల్లూరులోను పనిచేశారు.

విదేశాలలో ఉండే మిషనరీలు స్వదేశానికి వచ్చి గడిపే కాలాన్ని ‘ఫర్లో’ అనేవారు. సైనికులకిచ్చే సెలవుకు ఉన్న పేరే అది. పేరుకు సెలవేగాని విశ్రాంతి స్వల్పం. ఊరూరా చర్చిలకు వెళ్ళి తాము చేసిన పనిని వివరించాలి. విరాళాలు కోరాలి. తమ బాటలో నడవగల యువకులను వెదకాలి.

గొంతు లేని ప్రసంగం

అడోనిరామ్ జడ్సన్ 1812 ఫిబ్రవరిలో అమెరికాలోని సేలం రేవు విడిచారు. మరుసటి ఏడాది బర్మాలోని రంగూన్ చేరారు. ఆయన బోధ విని మొదటి వ్యక్తి బాప్తిస్మం పొందింది 1819లో. అంటే ఆరేళ్ళ నిరీక్షణ! 1824లో ఆంగ్లేయులకు, బర్మా రాజుకు యుద్ధం రాగా, గూఢచారి అన్న అనుమానంతో ఆయనను సంకెళ్ళతో చెరలో ఉంచారు. 1834లో బైబిలును బర్మీస్ భాషలోకి అనువదించడం పూర్తిచేశారు.

ముప్పై మూడేళ్ళపాటు ఆయన స్వదేశం ముఖం చూడలేదు. భార్య సారా తీవ్రంగా జబ్బుపడితే, సముద్రయానంతో కోలుకోగలదన్న ఆశతో 1845లో ఓడ ఎక్కారు. ఆమె దారిలోనే, సెయింట్ హెలీనా ద్వీపం వద్ద, సెప్టెంబరు 1న కన్నుమూశారు. ఆమెను అక్కడే సమాధి చేసి, తల్లి లేని పిల్లలతో అక్టోబరులో బోస్టన్ చేరారు.

ఆయన పేరు వింటూ పెరిగిన తరం అప్పటికి తయారై ఉంది. సభలు కిక్కిరిసిపోయాయి. కానీ గొంతు, ఊపిరితిత్తుల వ్యాధి వల్ల ఆయన గట్టిగా మాట్లాడలేని స్థితి. గుసగుసగా ఒక్కొక్క మాట పలికితే, పక్కన నిలిచినవారు దానిని సభకు బిగ్గరగా వినిపించేవారు. పైగా బర్మీస్ భాషలో బోధకుడు కావాలన్న సంకల్పంతో, మాతృభాషలో ప్రసంగించే అలవాటునే ఆయన బుద్ధిపూర్వకంగా వదులుకున్నారు. తనను పొగడుతూ ఎవరైనా మాట్లాడితే తల వంచుకొని కూర్చునేవారు.

1846లో ఆయన రచయిత్రి ఎమిలీ చబక్‌ను వివాహమాడారు. ఆమె ప్రాంతంలోని ఒక చర్చిలో మాట్లాడమని కోరితే, పావుగంటసేపు తన ప్రభువు ప్రేమను గురించి మాత్రమే చెప్పి కూర్చున్నారు. వచ్చినవారు ఉసూరుమన్నారు. ఇంటికి వస్తూ, జనం ఏదో కథ వినాలనుకున్నారని ఎమిలీ చెప్పారు. తనకు తెలిసినంతలో హృదయాన్ని కదిలించే కథనే చెప్పానని ఆయన జవాబు. అది వారికి తెలిసినదేనని, భూమికి ఆవలి వైపు నుంచి వచ్చినవారి వద్ద కొత్తది ఆశించారని ఆమె అన్నారు. అంత దూరం నుంచి వచ్చినవాడికి సైతం చెప్పడానికి అంతకంటే మేలైనది దొరకలేదని వారు చెప్పుకోగలరు కదా, అదే తనకు సంతోషమని ఆయన బదులిచ్చారు.

పురాణ కాలక్షేపంలో పిట్టకథ రాగానే నిటారుగా కూర్చొని, తత్త్వం రాగానే కునికిపాట్లు పడే శ్రోతలు మనకు కొత్తకాదు. జడ్సన్ వద్ద పిట్టకథలకు కొదువలేదు. చెరసాల ఉంది, యుద్ధం ఉంది, మరణాలు ఉన్నాయి. అయినా ఉన్న కొద్దిపాటి స్వరాన్ని వాటిపై ఖర్చుచేయలేదు. ఆ ఏడాది జులైలోనే తిరిగి బర్మా ప్రయాణమయ్యారు. 1850లో సముద్రంపైనే తనువు చాలించారు.

పటంలో ఒంటి చుక్క

అదే అమెరికన్ బాప్టిస్టు సంఘం 1835లో శామ్యూల్ డేను తెలుగునాటికి పంపింది. 1840లో నెల్లూరు కేంద్రమైంది. 1849లో లైమన్ జూయెట్ అక్కడికి చేరారు. ఏళ్ళు గడిచినా చేరినవారు కొద్దిమందే. ఇంత తక్కువ ఫలితానికి ఇంత ఖర్చు ఎందుకన్న ప్రశ్న అమెరికాలో తలెత్తింది. 1853లో ఆల్బనీ సభలో పటం మీద నెల్లూరును చూపి, అది ఒంటి నక్షత్రమన్నారు. ఆ రాత్రే శామ్యూల్ స్మిత్ దానిపై ఒక కవిత రాశారు. అది సభ మనసు మార్చింది.

1862లో జూయెట్ ఆరోగ్యం చెడి స్వదేశంలో ఉండగా, నెల్లూరును వదిలివేయాలన్న ప్రతిపాదన ప్రావిడెన్స్ నగర సభ ముందుకు మళ్ళీ వచ్చింది. ఆయన వద్ద చూపడానికి లెక్కలు లేవు. ఉన్నది నమ్మకం ఒక్కటే. సంఘం సహాయం చేయకున్నా తాను తిరిగి వెళతానని, తెలుగువారి మధ్యనే జీవించి, అవసరమైతే అక్కడే మరణిస్తానని చెప్పారు. అలాగైతే మిమ్మల్ని పూడ్చిపెట్టడానికైనా ఒకరిని వెంట పంపాలి కదా అన్నారు పెద్దలలో ఒకరు. 1864లో జూయెట్‌తో పాటు బయలుదేరిన ఆ తోడు జాన్ క్లౌ. ఆయన 1866లో ఒంగోలులో స్థిరపడ్డారు. 1876-78 కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకం పనిలో కొంత భాగం తీసుకొని పేదలకు కూలి కల్పించారు. 1878 జులై 3న, గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజునే 2,222 మంది బాప్తిస్మం పొందారు. అటువంటి సామూహిక మతాంతరీకరణలపై భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. ఆ చర్చ వేరు.

మనం గ్రహించవలసినది మరొకటి. ఆ అంకె వల్ల జూయెట్ మాటకు విలువ వచ్చిందనుకోకండి. 1862లో సభ ముందు నిలిచినప్పుడు ఆయనకు ఆ అంకె తెలియదు. ఫలం కనిపించని వేళ పలికిన మాట గనుకనే అది విశ్వాసమైంది. ఫలాపేక్ష లేని కర్మ గురించి వింటూ పెరిగిన మనకు ఇది పరాయి మాట కాదు.

ఇక సొంతవారి సంగతి. మీ పిల్లలు దూరదేశం నుంచి సెలవులకు వచ్చినప్పుడు జీతం, ఇల్లు, కారు గురించి అడుగుతారు కదా! అక్కడ ఒంటరిగా ఉన్నప్పుడు మీ మనసుకు ఏది ఆధారమైందని కూడా అడిగి చూడండి. మీరే దూరం నుంచి వచ్చినవారైతే, ఎవరూ అడగకున్నా ఆ ఒక్క మాట ఇంట్లోవారికి చెప్పండి. గొంతు పెద్దది కానక్కరలేదు.