మీకు తెలుసా? వెన్నెలను లెక్కగట్టిన తాడిపత్రి దర్శకుడు

‘మాయాబజార్’ పాటలు మనకు నోటికి వచ్చు. వాటిలో కెమెరా, ఎడిటింగ్ చేసిన పని తెలిస్తే ఆ పాటలు ఇంకా నచ్చుతాయి.

● మన సీమ మనిషే
‘మాయాబజార్’ తీసిన కె.వి.రెడ్డి పూర్తి పేరు కదిరి వెంకటరెడ్డి. 1912 జులై 1న అనంతపురం జిల్లా తాడిపత్రిలో పుట్టారు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూఇటూగా మాత్రమే వాన పడే కరువు సీమ ఇది. తెలుగు తెరకు ‘లాహిరి లాహిరి’ అనే మరపురాని పడవ పాటను ఇచ్చింది ఈ కరువు నేల బిడ్డే.

● ముందు కాగితం, తర్వాత కెమెరా
1957లో విడుదలైన ఈ చిత్రానికి షూటింగ్ మొదలుకాకముందే సన్నివేశాలన్నిటికీ బొమ్మలు గీయించారు. ఎక్కడ ఎంత వెలుగు పడాలి, ఎంత ఫిల్ము కావాలి, ఎంత ఖర్చవుతుంది అన్నవి కె.వి.రెడ్డి, ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే, కళాదర్శకుడు కళాధర్ ముందే రాసిపెట్టుకున్నారు. నిడివి ముందే తేలిపోతే ఎడిటర్‌కు దుబారా కోసే పని తగ్గుతుంది, లయ మీద గురి కుదురుతుంది. ఈ చిత్రానికి ఎడిటర్లు సి.పి.జంబులింగం, జి.కల్యాణసుందరం.

● ఆ వెన్నెల బార్ట్లేది
‘లాహిరి లాహిరి లాహిరిలో’ పాటకోసం మద్రాసు దగ్గరి ఎన్నూరులో తీసింది కొన్ని క్షణాల భాగమే. వెన్నెల భ్రమను కల్పించింది బార్ట్లే. నలుపు తెలుపు ఫిల్ముపై ఇది కత్తిమీద సామే. వెలుగు ఎక్కువైతే పగలైపోతుంది, తగ్గితే మొహాలు మునిగిపోతాయి. నీళ్లు మెరవాలి, శశిరేఖగా నటించిన సావిత్రి కళ్లు కనిపించాలి, రాత్రి రాత్రిగానే ఉండాలి.

● ఒక పాట, మూడు జంటలు
ఆ పాటలో అభిమన్యుడు శశిరేఖ, కృష్ణుడు రుక్మిణి, బలరాముడు రేవతి వరసగా కనిపిస్తారు. ఒక జంట నుంచి ఇంకో జంటకు కట్ పడినప్పుడల్లా కథ ఒక అడుగు ముందుకు వేస్తుంది. ప్రేమపాట నడుస్తూనే కుటుంబ కథా నడుస్తుంది.

● ఒకే ఫ్రేములో ఎందరో రామారావులు
1961లో కె.వి.రెడ్డి, బార్ట్లే ‘జగదేకవీరుని కథ’ తీశారు. అందులోని ‘శివశంకరీ’ పాటలో పాడేదీ ఎన్టీఆరే, పక్కన వాద్యాలు వాయించేదీ ఎన్టీఆరే! ఆ కాలంలో ఇలాంటి షాట్లకు లెన్సులో కొంత భాగాన్ని మూసి తీసేవారు. తర్వాత ఫిల్మును వెనక్కి తిప్పి, మిగతా భాగం తీసేవారు. కెమెరా వెంట్రుకవాసి కదిలినా, తాళం ఒక్క మాత్ర తప్పినా శ్రమంతా వృథా.

● హాలీవుడ్‌లో రెండు దారులు
పాటను తీసే తీరు హాలీవుడ్‌లోనూ ఒక్కటి కాదు. నటుడు, నర్తకుడు ఫ్రెడ్ ఆస్టేర్ తన నృత్యంలో నిలువెత్తు మనిషి కనిపించాలని, కట్‌లు తక్కువ ఉండాలని పట్టుబట్టేవారు. నృత్య దర్శకుడు బస్బీ బర్క్‌లీ కెమెరాను నడినెత్తికి ఎక్కించి నర్తకీమణుల వరసలతో ముగ్గులు పెట్టారు. ఒకరికి నర్తకుడి ఒళ్లు ముఖ్యం, ఇంకొకరికి ఆకారం ముఖ్యం. కె.వి.రెడ్డికి కథ ముఖ్యం.

● మీరూ చూడండి
ఈసారి ‘లాహిరి’ పాటను ఒక్క నిమిషం శబ్దం లేకుండా చూడండి. కట్ పడిన ప్రతిసారీ వేలితో తట్టండి. తర్వాత శబ్దం పెట్టి మళ్లీ చూడండి. ఏ కట్ తాళం కోసం పడిందో, ఏది పాత్ర చూపు కోసం పడిందో మీకే తెలుస్తుంది. పింగళి రచనను, ఘంటసాల, లీల గొంతులను తలచుకునే ప్రతిసారీ బార్ట్లే, జంబులింగం, కల్యాణసుందరం పేర్లనూ కలిపి తలచుకోవడం న్యాయం. ఆ పాట వాళ్లది కూడా.