ఇంజను వేడి – మీటరు ముల్లు

మనిషి దేహానికి వలెనే కారు ఇంజనుకు కూడా తగినంత వేడి అవసరం. వేడి మితిమీరితే లోహభాగాలు వంగిపోతాయి. చాలకపోతే ఇంధనం సరిగా మండక వృథా అవుతుంది. ఈ సమతౌల్యాన్ని కాపాడేదే శీతలీకరణ వ్యవస్థ.

ఇందులో థర్మోస్టాట్ అనే చిన్న కవాటం ముఖ్యమైనది. ఇంజను చల్లగా ఉన్నంతసేపు అది మూసుకొని ఉంటుంది. అనేక కార్లలో ద్రవం వేడి సుమారు 82 డిగ్రీల సెల్సియస్‌కు చేరినప్పుడు, కవాటంలోని మైనం కరిగి వ్యాకోచించి, రేడియేటరుకు దారి తెరుస్తుంది.

1958 నుండి 2014 వరకు తయారైన అంబాసిడర్ వంటి పాత కార్లలో, ఎండలకు ఇంజను కాగిపోతుందన్న భయంతో కొందరు మెకానిక్కులు ఈ కవాటాన్ని తీసివేసేవారు. అటువంటి కారుకు సర్వీసింగులో కొత్త థర్మోస్టాట్ అమర్చితే, వేడిని చూపే మీటరు ముల్లు మునుపటికంటె పైన నిలుస్తుంది. అక్కడే స్థిరంగా ఉన్నంతవరకు అది ఆరోగ్యలక్షణమే.

ముల్లు పైకీ కిందికీ ఊగుతూ ఉంటే మాత్రం, ద్రవం నింపినప్పుడు గొట్టాలలో గాలి చిక్కుకొన్నదేమో చూడాలి. చల్లారిన ఇంజనుకు మూత తెరచి, నెమ్మదిగా నడుపుతూ, గాలిబుడగలు వెలువడిన పిదప తగ్గిన ద్రవాన్ని నింపాలి. ముల్లు ఎడతెగక ఎర్రగీత వైపు సాగితే వెంటనే కారు ఆపాలి. ఆలస్యమైతే సిలిండర్ హెడ్ వంగి, గాస్కెట్ చెడిపోతుంది.

వేడి ఇంజనుపై రేడియేటరు మూత ఎన్నడూ తీయరాదు. బిగించిన మూత వల్ల కలిగే ఒత్తిడిలో నీరు 100 డిగ్రీలు దాటినా మరగదు. మూత తీయగానే ఒత్తిడి తగ్గి, ఆ నీరు ఒక్కసారిగా ఆవిరై ముఖం మీదికి చిమ్ముతుంది.