64 కిలోబైట్లలో బొమ్మలాట

సినిమా అంటే ముందే తీసి దాచిన బొమ్మల వరుస. 1980వ దశకంలో యూరప్ కుర్రాళ్ళు ఇంటి కంప్యూటర్ల మీద తయారుచేసిన 'డెమో' అలాంటిది కాదు. అదొక ప్రోగ్రామ్. నడుస్తుండగానే లెక్కలు వేసి బొమ్మ గీస్తుంది, కదిలిస్తుంది, సంగీతం వినిపిస్తుంది.

ఎందుకలా? 1982లో వచ్చిన కొమొడోర్ 64 మెమరీ 64 కిలోబైట్లే. తెర నిండా ఒక్క బొమ్మకు, రంగులు కాక, 8,000 బైట్లు కావాలి. సెకనుకు 25 బొమ్మల చొప్పున ఒక్క సెకనుకే 2 లక్షల బైట్లు! అందుకే వాళ్ళు బొమ్మలను కాక, బొమ్మ గీసే సూత్రాన్ని దాచారు. దాని ప్రాసెసర్‌కు గుణకారం చేసే ఆదేశమే లేదు. అక్షరాలు అలల్లా ఊగాలంటే సైన్ విలువలను ముందే పట్టికగా రాసిపెట్టుకునేవారు. మనం పదో తరగతిలో బట్టీపట్టే సైనే అది!

దొంగకాపీ గేముల ముందు తమ పేర్లు వేసుకోవడంతో మొదలైన ఈ అలవాటు, క్రమంగా గేములను వదిలి సొంత కళగా ఎదిగింది. మన హాస్టల్లో సీనియర్ల నోట్సు చేతులు మారినట్టే, ఫ్లాపీలు పోస్టులో ఊరూరా తిరిగేవి. డెమోలోనే తోటి బృందాలకు పలకరింపులు రాసేవారు. 1992లో ఫిన్లాండ్‌లో 'అసెంబ్లీ' పోటీలు మొదలయ్యాయి. 2020లో ఆ దేశం ఈ కళను తన సజీవ వారసత్వ జాబితాలో చేర్చింది.

మనలో చాలామందికి సొంత కంప్యూటర్ లేదు. ఒక్క పాత యంత్రం ముందు ముగ్గురం కూర్చుంటాం. అది పాతదని వదిలేసే ముందు, దానితో ఏం చేయించగలమో ముగ్గురం కలిసి లెక్క వేద్దాం.