వానకు ముందే చిగిర్చే చెట్టు: రావి బోన్సాయ్‌లో కత్తిరింపు, కుండీ మార్పిడి

పాత గుడి గోపురాల మీద, కోటగోడల సందుల్లో, వాడకం పోయిన బావుల అంచున ఎవరూ నాటకుండానే మొలిచే చెట్టు రావి. పళ్ళు తిన్న పక్షుల రెట్టలతో గింజలు అక్కడికి చేరతాయి. పిడికెడు మట్టి లేని పగులులో, ఎండకు కాలే రాతి మీద ఆ మొలక ఏళ్ళ తరబడి బతుకుతుంది. లిన్నేయస్ 1753లో ఫైకస్ రెలిజియోసా అని పేరుపెట్టిన ఈ వృక్షం భారత ఉపఖండానికి సహజమైనది. మర్రిలాగే ఇది కూడా రాతి మీదో మరో చెట్టు తొర్రలోనో బతుకు మొదలుపెట్టి, ఆ తర్వాత నేలను అందుకోగలదు. కొద్దిపాటి మట్టిలో, తడి వస్తూ పోతూ ఉండే చోట నిలదొక్కుకునే శక్తి దానికి పరిణామక్రమంలోనే అబ్బింది. లోతు తక్కువ కుండీలో దశాబ్దాల పాటు పెంచే బోన్సాయ్ విద్యకు మన దేశవాళీ చెట్లలో రావి ఎంతో అనువైనది కావడానికి కారణం అదే.

ఇంత గట్టి చెట్టుకు కూడా అదను తప్పిన కత్తెర ప్రమాదకరం. బోన్సాయ్ పుస్తకాల్లో చాలావరకు జపాన్ వాతావరణాన్ని దృష్టిలో పెట్టుకుని రాసినవి. వాటిలోని నెలల పట్టికను ఉన్నదున్నట్టు మన ఊళ్ళో పాటిస్తే చెట్టు దెబ్బతింటుంది. ఆ పట్టిక వెనకున్న శాస్త్రాన్ని గ్రహించి, మన చెట్టు జీవనక్రమానికి దాన్ని అన్వయించుకోవాలి.

ఎండలో వచ్చే చిగురు

జపాన్ మేపుల్ చలికి ఆకు రాలుస్తుంది. చలి తగ్గి, నేలలో తడి సమృద్ధిగా ఉన్న వేళ చిగురిస్తుంది. నల్లమల నుంచి ఆదిలాబాద్ దాకా మన ఆకురాల్చే అడవుల తీరు వేరు. శీతాకాలం ముగిసేసరికి నేల పైపొరలు ఎండుతాయి, చెట్లు ఆకు దులుపుతాయి. ఆ పైన జరిగేది ఆశ్చర్యం కలిగిస్తుంది. తొలకరికి ఇంకా రెండు మూడు నెలలుండగా, గాలి పొడిబారి ఎండ ముదురుతున్నప్పుడే వీటిలో చాలా చెట్లు కొత్త ఆకు తొడుగుతాయి. ఇలియట్, బేకర్, బోర్కెర్ట్ అనే శాస్త్రవేత్తలు 2006లో ప్రచురించిన పరిశోధనా పత్రంలో దీన్ని ఆసియా ఋతుపవన అడవుల విరోధాభాసంగా అభివర్ణించారు. వాన లేకున్నా ఈ చిగురును ప్రేరేపించేది పగటి నిడివి పెరగడమేనని, 2002లో రివేరా, బోర్కెర్ట్ తదితరులు వివిధ ఖండాల ఉష్ణమండల పొడి అడవులను పరిశీలించి ప్రతిపాదించారు. హైదరాబాదులో డిసెంబరు పగలు సుమారు 11 గంటలు, జూన్ పగలు 13 గంటల పైచిలుకు. ఈ రెండు గంటల తేడా మనకు పెద్దగా తెలియదు, మొగ్గకు తెలుస్తుంది.

మరి ఆ చిగురుకు నీళ్ళు ఎక్కడివి? పైనేల ఎండినా లోతు పొరల్లో తడి మిగిలి ఉంటుంది, దాన్ని వేర్లు అందుకుంటాయి. మాను, కొమ్మల కలపలో నిలవున్న నీరు కూడా కొంత తోడవుతుంది. వాన మొదలయ్యే నాటికి ఆకులు ముదిరి, తొలి చినుకు నుంచే పూర్తిస్థాయిలో ఆహారం తయారుచేసుకోవడానికి చెట్టు సిద్ధంగా ఉంటుంది. కుండీలోని రావి కూడా ఇదే క్రమాన్ని పాటిస్తుంది, కానీ దాని కింద లోతైన నేల లేదు. అక్కడ తడినిచ్చే నేలపొర పెంచేవాడే. రావి బోన్సాయ్‌కు చేసే ప్రతి పనినీ ఈ ఒక్క సత్యంతో సరిచూసుకోవాలి.

మొగ్గ చెప్పే అదను

మాఘ, ఫాల్గుణ మాసాల్లో ఆకు రాల్చిన రావి కొమ్మను దగ్గరగా చూడండి. కొనన మొనదేలిన మొగ్గ ఉంటుంది. దాన్ని కప్పి ఉంచేవి పత్రపుచ్ఛాలు. అవి రాలినప్పుడల్లా కొమ్మ చుట్టూ సన్నని ఉంగరంలాంటి మచ్చ మిగులుతుంది. కొమ్మ పొడవునా కనిపించే ఉంగరాలన్నీ గడిచిన ఆకుల లెక్కే. మొగ్గ ఉబ్బి, తొడుగు పొడవు సాగి, కొన విచ్చుకోబోతున్న ఆ కొద్ది రోజులే కుండీ మార్పిడికి తగిన అదను.

దీనికి మూడు కారణాలున్నాయి. రాలబోయే ఆకుల నుంచి నత్రజని వంటి పోషకాలను చెట్టు ముందే వెనక్కి తీసుకుంటుంది. మానులో, వేర్లలో పిండిపదార్థం నిలవ ఉంటుంది. కత్తిరించిన లావుపాటి వేరు ముక్క మీద ఒక చుక్క టింక్చర్ అయోడిన్ వేస్తే, నిలవ ఉన్నచోట నల్లని నీలిరంగు తేలుతుంది. రెండోది, ఆకులు లేనందున బాష్పోత్సేకం దాదాపు ఆగిపోయి ఉంటుంది కాబట్టి, వేర్లు తగ్గినా చెట్టు వెంటనే దాహానికి లోనుకాదు. మూడోది, విచ్చుకునే మొగ్గల్లో తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోను కిందికి ప్రవహించి, తెగిన వేళ్ళ దగ్గర కొత్త వేళ్ళు పుట్టేలా చేస్తుంది.

లేత రాగిరంగు ఆకులు విచ్చుకున్నాక ఈ అదను దాటిపోయినట్టే. అప్పటికి నిలవ ఖర్చయిపోయి ఉంటుంది, లేత ఆకు నీటిని ఆపుకోలేదు, పైన 40 డిగ్రీల ఎండ కాచుకుని ఉంటుంది. ఆ దశలో వేర్లు కోయకూడదు, తొలకరి దాకా ఆగాలి. జూన్, జూలై నెలల్లో గాలిలో తేమ పెరిగాక రావి కుండీ మార్పిడిని తట్టుకుంటుంది. రోజూ నీళ్ళు అందే కుండీచెట్టు ఒక్కోసారి పూర్తిగా ఆకు రాల్చదు. ఆరోగ్యంగా ఉన్న చెట్టయితే తొడిమ మాత్రం ఉంచి ఆకు పలకలను కత్తిరించవచ్చు. కొద్దిరోజుల్లో తొడిమలు వాటంతటవే ఊడిపోతాయి. నీరసించిన చెట్టుకు ఈ పని చేయకూడదు.

లోతు తక్కువ కుండీలో నీటి నడత

పళ్ళెంలాంటి కుండీ త్వరగా ఆరిపోతుందని అనుకోవడం సహజం. నీళ్ళు పోసిన తర్వాతి గంటల్లో జరిగేది మాత్రం ఇందుకు భిన్నం. వంటింటి స్పాంజిని నీళ్ళలో ముంచి, అరచేతి మీద పడుకోబెట్టి కారడం ఆగేదాకా చూడండి. తర్వాత నిటారుగా నిలబెట్టండి, మళ్ళీ నీళ్ళు కారతాయి. స్పాంజి అదే, నీరు అదే, మారింది ఎత్తు మాత్రమే. మట్టి రంధ్రాల్లో నీటిని కేశనాళికా బలం పట్టి ఉంచుతుంది. సుమారు 1 మిల్లీమీటరు వ్యాసమున్న రంధ్రం 3 సెంటీమీటర్ల ఎత్తు నీటిని మోయగలదు. 0.2 మిల్లీమీటర్ల రంధ్రమైతే 15 సెంటీమీటర్ల దాకా మోస్తుంది. 5 సెంటీమీటర్ల లోతున్న కుండీలో మెత్తని తోటమట్టి నింపితే, అడుగున చిల్లులు ఎన్ని ఉన్నా మట్టి అంతటా నీరు నిండే ఉంటుంది. వేళ్ళకు ప్రాణవాయువు అందదు, ఎందుకంటే ఆక్సిజన్ గాలిలో కంటే నీటిలో సుమారు పదివేల రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది. వేరుకుళ్ళుకు పునాది అక్కడే పడుతుంది.

కాబట్టి మట్టి గరుకుగా ఉండాలి. జపాన్‌లో అకడామా అనే బంకమట్టి గుళికలు వాడతారు. మనకు బాగా కాలిన ఇటుక ముక్కలే ఆ పని చేస్తాయి. వాటిని దంచి, జల్లించి, 3 నుంచి 6 మిల్లీమీటర్ల పలుకులు ఏరుకోవాలి. మెత్తని పొడిని పూర్తిగా తీసేయాలి. పలుకుల మధ్య సందుల్లో గాలి ఆడుతుంది, ఇటుకలోని సూక్ష్మరంధ్రాల్లో తడి నిలుస్తుంది. వీటికి ముతక ఇసుక, బాగా చివికిన ఆకు ఎరువు కొద్దిపాళ్ళలో కలిపితే చాలు.

వేళ్ళ కత్తిరింపు

కుండీలో వేళ్ళు గోడను తాకి చుట్లు తిరుగుతాయి. మట్టి సందులన్నీ వేళ్ళతో పూడిపోయి నీరు ఇంకదు. 2012లో పూర్టర్ బృందం 65 అధ్యయనాలను క్రోడీకరించి, కుండీ పరిమాణం రెట్టింపైతే మొక్క జీవరాశి సగటున 43 శాతం పెరుగుతుందని తేల్చింది. వేళ్ళకు చోటు తగ్గితే చెట్టు పెరుగుదల తగ్గుతుందన్న బోన్సాయ్ మూలసూత్రానికి ఇది గణాంకాల ఆధారం. అయితే ఆ కొద్ది చోటులోనైనా పనిచేసే వేళ్ళు ఉండాలి. నీటినీ లవణాలనూ ప్రధానంగా పీల్చేవి లేత కొనల దగ్గరి మూలకేశాలు, వాటి ఆయుష్షు కొన్ని రోజులు లేదా వారాలు మాత్రమే. ముదిరిన లావు వేళ్ళు ఆహారాన్ని నిలవచేస్తాయి, చెట్టును నిలబెడతాయి, పీల్చే పనిలో వాటి పాత్ర స్వల్పం. లావు వేళ్ళను తగ్గించి పీచువేళ్ళకు చోటివ్వడమే కుండీ మార్పిడి పరమార్థం.

వేరుముద్దను బయటికి తీసి, అంచుల నుంచి లోపలికి వెదురుపుల్లతో మెల్లగా విడదీయాలి. కిందికి దిగే తల్లివేరునూ, చుట్టు తిరిగిన వేళ్ళనూ, ఒకదానికొకటి అడ్డం పడినవాటినీ పదునైన కత్తెరతో కోయాలి. నలువైపులా చక్రం ఆకుల్లా పరుచుకున్న వేళ్ళను ఉంచాలి. మొత్తం మీద మూడో వంతు వరకు తీయడం క్షేమం. బలంగా ఉన్న రావి అంతకు మించి కూడా ఓర్చుకుంటుంది. కొమ్మ నుంచి సైతం వేళ్ళు పుట్టించగల చెట్టు ఇది. క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలో బుద్ధగయ నుంచి తీసుకెళ్ళిన బోధివృక్షపు కొమ్మే అనురాధపురంలో మహావృక్షమైందని సింహళ చరిత్ర గ్రంథాలు చెబుతాయి.

కొత్త కుండీలో చెట్టును తీగతో కదలకుండా కట్టడం తప్పనిసరి. గాలికి మాను ఊగితే అప్పుడే పుట్టిన వేరుకొనలు తెగిపోతాయి. మట్టి సందుల్లోకి పోయేలా పుల్లతో కూరి, అడుగు నుంచి తేటనీరు వచ్చేదాకా పోయాలి. ఆ తర్వాత మూడు నాలుగు వారాలు ఎండపొడ తగలని వెలుతురులో ఉంచాలి. కొత్త ఆకులు గట్టిపడేదాకా ఎరువు వేయకూడదు, ఎందుకంటే తెగిన వేళ్ళ చుట్టూ లవణాలు పెరిగితే నీరు లోపలికి వెళ్ళడమే కష్టమవుతుంది. లేత చెట్టుకు ఒకటి రెండేళ్ళకు, ముదిరినదానికి మూడు నాలుగేళ్ళకు ఈ పని చేస్తే సరిపోతుంది.

కొమ్మల కత్తిరింపు

కొన మొగ్గ ఉన్నంతకాలం కింది కణుపుల మొగ్గలు నిద్రలో ఉంటాయి. దీన్ని అగ్రాధిక్యత అంటారు. కొన తుంచినచోట ఆక్సిన్ పూస్తే పక్కమొగ్గలు అప్పటికీ లేవవని 1930లలో థీమన్, స్కూగ్ చిక్కుడు జాతి మొక్కలపై చూపారు. వేళ్ళ నుంచి పైకి వచ్చే సైటోకైనిన్లు ఇందుకు విరుద్ధంగా మొగ్గలను లేపుతాయి. కొన తెగగానే పక్కమొగ్గలకు చక్కెర అధికంగా అందడమే తొలి సంకేతమని 2014లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు నిరూపించారు. పైన కొమ్మలు, కింద వేళ్ళు ఈ హార్మోన్లతో నిరంతరం లెక్క సరిచూసుకుంటుంటాయి. వేళ్ళను బాగా కత్తిరించిన రోజునే పై మొగ్గలన్నీ తుంచేస్తే, కొత్త వేళ్ళకు అందవలసిన ఆక్సిన్ కూడా పోతుంది. అందువల్ల పెద్ద కత్తిరింపులు రెండూ ఒకేసారి చేయకుండా, కొమ్మలపని వానాకాలపు ఏపుకు వదలడం మంచిది. అప్పుడు కొత్త రెమ్మను ఆరేడు ఆకుల దాకా సాగనిచ్చి రెండాకులకు తగ్గించాలి. ఇలా చేసిన ప్రతిసారీ ఒక్క కొన రెండు మూడు కొనలవుతుంది. కొనలు పెరిగేకొద్దీ ఒక్కొక్క దానికి వచ్చే వాటా తగ్గి, ఆకులు చిన్నవవుతాయి.

కోసినచోట తెల్లని పాలు కారుతాయి. పురుగులకూ శిలీంధ్రాలకూ ఎదురుగా చెట్టు పెట్టుకున్న రక్షణ అది. గాలి తగలగానే గడ్డకట్టి గాయానికి మూతపడుతుంది. అది కంటికీ చర్మానికీ పడదు కనుక జాగ్రత్త అవసరం. చెట్టు తన గాయాన్ని మనిషి చర్మంలా మాన్పుకోదు. దెబ్బతిన్న కలపను గోడకట్టి వేరుచేసి, దాని మీదుగా కొత్త కలప పెంచుతుంది. అమెరికా శాస్త్రవేత్త అలెక్స్ షైగో 1970లలో దీన్ని వివరించాడు. కొమ్మ మొదట్లో ఉబ్బెత్తుగా ఉండే మెడ భాగాన్ని కోయకుండా వదలాలన్న నియమం అందులోంచి వచ్చిందే.

కుండీలో పెంచడం చెట్టును హింసించడమని బాధపడేవారున్నారు. ఆయుష్షు తగ్గుతుందన్న భయానికి ఆధారం లేదు. 1625 నుంచి కుండీలో పెరుగుతూ, 1945లో హిరోషిమా అణుబాంబును తట్టుకుని, 1976లో అమెరికా జాతీయ వృక్షవనానికి కానుకగా వెళ్ళిన జపాన్ తెల్లపైన్ ఇప్పటికీ సజీవంగా ఉంది. రావిని నరకకూడదన్న మన ఇళ్ళ నమ్మకానికి కూడా ఈ విద్య అడ్డురాదు. గోడను చీల్చే మొలకను పెరికి పారేయకుండా కుండీలో నిలిపితే గోడా దక్కుతుంది, చెట్టూ దక్కుతుంది.

రావి గురించి చెప్పిన పద్ధతి జువ్వికీ, నెమలినారకూ, దిరిసెనకూ మార్గం చూపగలదు. కానీ ఒక్కో చెట్టు ఆకు రాల్చే వేళ వేరు, చిగురించే వేళ వేరు, ఊరు మారితే ఆ వేళలు కూడా మారతాయి. పెంచేవారు తమ చెట్టు ఆకు రాల్చిన రోజు, మొగ్గ ఉబ్బిన రోజు, తొలి ఆకు విచ్చిన రోజు ఏటా రాసిపెట్టుకోవాలి. సీజన్‌వాచ్ వంటి పౌరవిజ్ఞాన కార్యక్రమాలు దేశమంతటా చెట్ల ఋతుక్రమాన్ని ఇలాగే నమోదు చేయిస్తున్నాయి. అలాంటి వివరాలు మన జిల్లాల నుంచి పోగైననాడు మన నేలకు, మన ఎండకు, మన వానకు సరిపోయే బోన్సాయ్ పంచాంగాన్ని మనమే తెలుగులో రాసుకోగలుగుతాం.