ముగ్గురు పిల్లలు, ఒక పెద్దబాలశిక్ష

రెండేళ్ళ కిందట మా అత్తగారికి చూపు బాగా తగ్గిపోయింది. డాక్టరుగారు పరీక్ష చేసి నీటికాసులన్నారు, ఉన్న చూపును కాపాడుకోవడమే తప్ప పోయింది తిరిగి రాదన్నారు. ఆమె ఆ మాటకు పెద్దగా బెంగపడినట్టు కనిపించలేదు. ఇంటికి వచ్చాక మాత్రం, దీపం పెట్టే వేళకు రోజూ చదువుకునే వచన భాగవతాన్ని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చుని, "ఇంక దీన్ని నాకెవరు చదివిపెడతారే?" అని అడిగారు.

నేను చదువుతానన్నాను. కొన్నాళ్ళు చదివాను కూడా. కానీ ఆ వేళకే వంట, ఆ వేళకే ఇంటాయన మిల్లు నుంచి రావడం. ఆయనకు తెలుగు మాట్లాడడమే గాని అక్షరం రాదు, చదివిందంతా తమిళం. ఇక పిల్లలు ముగ్గురు. పెద్దవాడికి పన్నెండు, ఆడపిల్లకు తొమ్మిది, చిన్నవాడికి ఆరు. అవ్వతో గలగలా తెలుగే మాట్లాడతారు, ఆమె చేతిలో పుస్తకం మీద పేరేమిటో ముగ్గురికీ తెలియదు. మా ఇంటి బడి అట్లా మొదలయింది.

మంసాపురంలోను, రాజపాళయంలోను తెలుగు ఇళ్ళు ఎన్ని తరాలనుంచి ఉన్నాయో ఈ పత్రిక చదివేవారికి కొత్తగా చెప్పనక్కరలేదు. విజయనగరపు రాజుల కాలంలో వచ్చిన వాళ్ళమని పెద్దలు చెబుతారు. ఆ రాయలవారు తెలుగులో రాసిన ఆముక్తమాల్యద మన పక్క ఊరు శ్రీవిల్లిపుత్తూరు కథే. మాట ఇన్నాళ్ళు నిలిచింది గాని రాత ఇళ్ళలోంచి జారిపోతూ వచ్చింది. నా చిన్నప్పుడు మా బడిలో తెలుగు పంతులమ్మ ఉండేవారు, పదో తరగతి దాకా చదువుకున్నాను. 2006లో తమిళం నేర్పడం గురించి రాష్ట్ర ప్రభుత్వం చట్టం చేసింది. అది 2006-07లో ఒకటో తరగతితో మొదలై ఏటా ఒక్కొక్క తరగతి పైకెక్కి 2015-16కు పదో తరగతికి చేరింది. భాషా అల్పసంఖ్యాకులు కోర్టులకు వెళ్ళారు, కొన్ని మినహాయింపులు వచ్చాయి. ఆ వాదం ఇక్కడ వద్దు. ఈ నేల మీద బతికే పిల్లలకు తమిళం బాగా రావలసిందే, మా పిల్లలకు వస్తుంది, అందుకు సంతోషమే. తెలుగు అక్షరం నేర్పే పని ఇంటిదయింది, అంతవరకే.

నేను చేసిన మొదటి తప్పు, ఒకే ఒక పెద్దబాలశిక్ష కొని ముగ్గురినీ ఒకే చాప మీద కూర్చోబెట్టడం. బాలశిక్ష పంతొమ్మిదో శతాబ్దంలో మన మద్రాసు అచ్చుకూటాల్లో రూపుదిద్దుకున్న పుస్తకం. వావిళ్ళవారి ప్రతి మా అత్తగారి పుట్టింట కూడా ఉండేదట. ఆ పుస్తకం మీద నాకు గౌరవమే. నెల తిరిగేసరికి మాత్రం పెద్దవాడు "ఇది చిన్నపిల్లల పుస్తకం" అని ముఖం తిప్పుకున్నాడు, చిన్నవాడు చాప కింద చీమలను లెక్కపెడుతున్నాడు, ఆడపిల్ల ఒక్కతే అప్పజెబుతున్నది. మేమందరం దానికే వచ్చిందనుకున్నాం.

కన్ను, చెవి, చెయ్యి

అప్పుడొక తెలిసినావిడ, తానూ పిల్లలకు పాఠాలు చెప్పే మనిషి, నాతో ఒక మాట అన్నది. పిల్లలు మూడు నాలుగు రకాలు, కొందరు చూసి నేర్చుకుంటారు, కొందరు విని, కొందరు చేసి. ఏ రకమో తెలుసుకుని దానికి తగ్గ పుస్తకాలే కొనాలట. ఇందులో ఆమె సొంత కల్పన ఏమీ లేదు. న్యూజిలాండులో నీల్ ఫ్లెమింగ్ అనే ఆయన కాలీన్ మిల్స్‌తో కలిసి 1992లో చూపు, వినికిడి, చదువు-రాత, చేత అని నాలుగు దారులు చెప్పి, ఎవరి దారి ఏదో తేల్చడానికి ఒక ప్రశ్నావళి కూడా ప్రకటించాడు. అది దేశదేశాలకు పాకింది. ఇంట్లోనే బడి నడుపుకునే తల్లిదండ్రులకు పుస్తకాలమ్మేవాళ్ళు కూడా ఈ మాటే చెప్పి అమ్ముతారు.

నేనూ నమ్మాను. ఒక సాయంత్రం కూర్చుని ముగ్గురికీ ముద్ర వేసేశాను. పెద్దవాడు కన్ను, ఆడపిల్ల చెవి, చిన్నవాడు చెయ్యి. పెద్దవాడికి రంగుల పటాలు, ఆడపిల్లకు పద్యాల పాటల రికార్డులు, చిన్నవాడికి పళ్ళెంలో ఇసుక.

ఆడపిల్ల సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే నేను బాగా మోసపోయింది అక్కడే. దానికి ఒకసారి వింటే చాలు, వచ్చేస్తుంది. పది పద్యాలు, మూడు కథలు, బాలశిక్షలో రెండు పుటలు గడగడా చదివేది, వేలు కూడా వరస తప్పకుండా జరిపేది. ఇంటికొచ్చిన చుట్టాలందరికీ గొప్పగా చూపించుకున్నాను. ఒకనాడు చిన్నవాడు పుస్తకాన్ని లాగి తలకిందులుగా ఇచ్చాడు. అది చూసుకోకుండానే చదవసాగింది, ఒక్క తప్పు లేకుండా! నాకు నవ్వూ వచ్చింది, గుండె గుభేలూ మన్నది. నాలుగు నెలల్లో ఆ పిల్ల ఒక్క అక్షరం నేర్చుకోలేదు. చెవి పిల్ల అని పేరు పెట్టి కంటితో చూడవలసిన పని దానికి ఇవ్వనేలేదు. దాని చెవి మంచిది గనుకే దానికి అక్షరంతో అవసరం పడలేదు.

చిన్నవాడిది మరో చిత్రం. ఇసుకలో దిద్దమంటే ఎంత హుషారో! ఇసుకలో దిద్దడం మన వీధిబడుల నాటి పద్ధతే. ఆండ్రూ బెల్ అనే పాదిరీ మద్రాసు ఎగ్మూరులో అనాథ బాలుర బడి నడుపుతూ, ఈ దేశపు పిల్లలు ఇసుకలో రాయడం చూసి తన బడిలో పెట్టి, పెద్ద పిల్లలచేత చిన్న పిల్లలకు చెప్పించే ఏర్పాటుతో కలిపి 1797లో లండన్‌లో అచ్చువేశాడు. ఇంగ్లండులో దానికి మద్రాసు పద్ధతి అనే పేరు స్థిరపడింది. అంత పేరున్న ఇసుకలో మావాడు ముత్యాల్లాంటి అక్షరాలు రాశాడు. "ఇదేమిటిరా?" అంటే "బొమ్మ" అన్నాడు. చేతికి రూపం వచ్చింది, నోటికి పేరు రాలేదు. వేలు కదిలినప్పుడల్లా పక్కన అవ్వ కూర్చుని ఆ అక్షరాన్ని గట్టిగా పలికించడం మొదలుపెట్టాక గాని బొమ్మ అక్షరం కాలేదు.

తరువాత తెలిసింది, ఈ ముద్రల సంగతి పండితులూ పరీక్షించారని. 2008లో పాష్లర్, మెక్‌డేనియల్, రోరర్, బ్యోర్క్ అనే నలుగురు అమెరికా మనస్తత్వశాస్త్రజ్ఞులు అంతవరకు జరిగిన పరిశోధనలన్నీ తిరగేశారు. చెవి పిల్లలకు చెవితో చెప్పినప్పుడు, కంటి పిల్లలకు కంటితో చెప్పినప్పుడు ఎక్కువ వస్తుందని రుజువు కావాలంటే రెండు రకాల వాళ్ళకూ రెండు విధాలా చెప్పి, ఒకే పరీక్ష పెట్టి చూడాలి. అట్లా సరిగ్గా చూసిన పరిశోధనలు కొద్ది, వాటిలో చాలావరకు ఈ మాటకు ఎదురు తిరిగాయని వాళ్ళు రాశారు. పిల్లలకు ఇష్టాలు వేరువేరుగా ఉండవని వాళ్ళు అనలేదు. ఇష్టమైన దారే వచ్చే దారి అనడానికి ఆధారం లేదన్నారు. తలకిందుల పుస్తకం నాకు ముందే ఆ మాట చెప్పింది.

తమిళం వచ్చిన పిల్లకు తెలుగు

మరి ముగ్గురికీ ఒకే పుస్తకం చాలదని నాకు అనుభవమే గదా. తేడా ఎక్కడుంది? ఒక్కొక్కరు ఏ అక్షరం దగ్గర, ఏ మాట దగ్గర ఆగిపోతున్నారో నెలరోజులు ఒక నోటుబుక్కులో రాసుకుంటూ పోయాను. ప్రశ్నావళి కంటే ఆ నోటుబుక్కే ఎక్కువ చెప్పింది. ముగ్గురి చేతిలోనూ ఉన్న సరుకు వేరు.

పెద్దవాడికి తమిళం ధారాళంగా వచ్చు. అదే వాడికి ఆస్తి, అదే వాడికి అడ్డు. తమిళంలో క, గ రెంటికీ ఒకటే అక్షరం. మాట మొదట్లో ఒక విధంగా, నడుమ ఒక విధంగా పలకాలని నోటికి తెలుసు, కంటికి అక్కరలేదు. ట-డ, త-ద, ప-బ కూడా అంతే. అందుకని వాడు "బడి" అని పలికి "పడి" అని రాస్తాడు, "గాలి" అని పలికి "కాలి" అని రాస్తాడు. "పడి" అంటే తమిళంలో చదువు అని అర్థం గనుక, బడి కాస్తా పడి అయితే తప్పేమిటని వాదన కూడాను! తమిళంలో ఎత్వం గుర్తు అక్షరానికి ఎడమపక్క వస్తుంది, తెలుగులో తల మీద ఎక్కుతుంది. అన్నిటికంటే పెద్ద చిక్కు వత్తు. తమిళంలో హల్లు మీద చుక్క పెట్టి పక్కన రెండో హల్లు రాస్తారు. అందుచేత వాడి రాతలో అమ్మ "అమ్‌మ" అయింది. కింద వేలాడే ఆ వత్తు వాడి కంటికి ఆనదు.

ఈ పిల్లవాడికి అఆలనుంచి మొదలుపెట్టే పుస్తకం ఎందుకు? ఎ-ఏ, ఒ-ఓ తేడా, ల-ళ తేడా, ఱ కూడా వాడికి తమిళంలో వచ్చినవే. ఒక కాగితం మీద తమిళ అక్షరాలు ఒక వరస, ఎదురుగా తెలుగువి ఒక వరస రాసిచ్చాను. ఎక్కడ ఒకదానికి ఎదురుగా నాలుగు వస్తాయో అక్కడ ఎర్ర సిరా. కాలి-గాలి, పడి-బడి, తడి-దడి వంటి జంటలు రోజుకు పది, నేను చెబితే వాడు రాయాలి. వత్తులకు మాత్రం పుస్తకం వరస పూర్తిగా మార్చేశాను. బాలశిక్షలో గుణింతాలన్నీ అయ్యాక గాని ద్విత్వాలు రావు. మన ఇంట్లో రోజూ నోట్లో ఆడే మాటలు చూడండి, అమ్మ, అక్క, అన్న, అవ్వ, పప్పు, నెయ్యి, ఇల్లు. అన్నీ వత్తులే. రెండో వారంలోనే వాటిని రాయించాను.

పన్నెండేళ్ళవాడికి ఒకటో తరగతి వాచకం ఇస్తే అవమానంగా ఉంటుంది. ఇక్కడ మాకు అటక మీది ట్రంకుపెట్టె సాయపడింది. చందమామ 1947 జూలైలో మద్రాసులో తెలుగులోను, అంబులిమామ పేరుతో తమిళంలోను మొదలయింది. ఇప్పుడు రావడం లేదు గాని పాత సంచికలు మా ఇంట రెండు భాషలవీ ఉన్నాయి. బొమ్మలు అవే, కథ అదే. తమిళంలో కథ చదివేసి తెలుగులో అదే కథ పట్టుకుంటే, వచ్చే మాట ఏమిటో ముందే తెలుసు గనుక అక్షరం దొరికిపోతుంది. అటువంటి పెట్టె లేనివారికి, ప్రథమ్ బుక్స్ వారు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్‌లో ఒకే కథ తమిళం, తెలుగు రెంటిలోనూ ఉచితంగా దొరికేవి చాలా ఉన్నాయి.

ఆడపిల్లకు చందమామ ఇవ్వలేదు, అంబులిమామ విన్నదంటే రెండో రోజుకు అప్పజెబుతుంది! దానికి ఎన్నడూ వినని పుస్తకమే కావాలి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ వాచకాలు ఇంటర్నెట్టులో ఉచితంగానే ఉన్నాయి. రెండో తరగతిది తీసి, ముందు నేను చదివి వినిపించకుండా, బొమ్మ మీద కాగితం కప్పి రోజుకు నాలుగే వాక్యాలు చదివించాను. నెలరోజులు ఏడ్చింది. "అన్నకు కథలిస్తావు, నాకు ఇవి ఇస్తావు" అని దాని ఫిర్యాదు. అప్పుడప్పుడు బడ్డీకొట్టు చీటీ, పెళ్ళి శుభలేఖ, మందుసీసా మీద తెలుగు ఏదైనా దొరికితే అవి కూడా పెట్టాను. చిన్నవాడికి ఇసుక, అవ్వ గొంతు, తరువాత పలక. వాడికి ఇంకా పుస్తకం కొననేలేదు, వాడు తమిళంలో కూడా ఇప్పుడిప్పుడే కూడబలుక్కుంటున్నాడు. రెండు లిపులు ఒకేసారి నెత్తిన పెట్టకూడదని నా అభిప్రాయం. కాదనేవాళ్ళు మా ఇంట్లోనే ఉన్నారు.

దూరదేశాల్లో పిల్లలకు తెలుగు చెప్పుకునే మన బంధువులు కొందరు తమ పుస్తకాలు పంపుతామన్నారు. అమెరికాలో సిలికానాంధ్ర మనబడి 2007నుంచి అటువంటి పని చేస్తున్నది. అక్కడి పిల్లలకు చాలామందికి మాటనే నేర్పాలి, ఇక్కడ మాట నిండుగా ఉంది, రాతే లేదు. కాబట్టి వాళ్ళకు మంచి పుస్తకం మనకూ మంచిదని తీసుకోకండి. పిల్లలను అసలు బడికే పంపకుండా అన్నీ ఇంట్లోనే చెప్పుకునే కుటుంబాలు కూడా ఇప్పుడు దేశంలో అక్కడక్కడ ఉన్నాయి. 1989లో ఏర్పడిన జాతీయ సార్వత్రిక పాఠశాల, ఇప్పటి పేరు జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ, పద్నాలుగేళ్ళు నిండినవారికి పదో తరగతి పరీక్ష పెడుతుంది, అందులో తెలుగు కూడా ఒక పాఠ్యాంశం. మా పెద్దవాడు బడికి పోతూనే ఉన్నాడు గనుక మాకు ఆ ఆలోచన లేదు.

ఈ సంక్రాంతికి పెద్దవాడు భాగవతంలో గజేంద్రుడి కథ వచనం అవ్వకు చదివిపెట్టాడు. ఆడపిల్ల పక్కన కూర్చుని వాడు తడబడినచోట పుస్తకంలోకి తొంగి చూసి అందించింది, చూసే అందించింది, నేను గమనించాను. ఒత్తక్షరాల దగ్గర ఇద్దరూ తప్పారు. అత్తగారు పుస్తకం చూడకుండానే దిద్దారు, ఆమెకు అదంతా కంఠతా వచ్చునని మాకెవరికీ అంతవరకు తెలియదు. "మరి నన్నెందుకు చదవమన్నావు అవ్వా?" అని పెద్దవాడు అడిగితే ఆమె జవాబు చెప్పలేదు.

చిన్నవాడికి చదవడానికి వంతు రాలేదని కోపం. అవ్వ అరచెయ్యి లాక్కుని వేలితో ఏదో రాశాడు. ఆమె కళ్ళు మూసుకుని, "అవ" అన్నారు. వాడు తల అడ్డంగా ఊపాడు, మళ్ళీ మొదటినుంచి రాశాడు.

"అవ్వ అని రాసినావా? వత్తు మరిచినావు గదరా. ఇటు తే చెయ్యి."

ఈసారి ఆమె వాడి అరచేతిలో రాయసాగారు.