వాన నీటిని చేలోనే ఇంకించుకొనుట



ఒక ఎకరము చేనిపై ఒక మిల్లీమీటరు వాన కురిసినచో అది 4,047 లీటర్ల నీరు. ఉమ్మడి అనంతపురము జిల్లాలో ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడును. లెక్క వేసి చూడుడు. ఎకరమునకు 22 లక్షల లీటర్లు దాటును. ఆంధ్రప్రదేశ్‌లో అన్నిటికంటె తక్కువ వాన పడు చోటి లెక్క ఇది. మిగిలిన జిల్లాల రైతులు తమ లెక్క తామే వేసికొనవచ్చును.

ఈ నీరంతయు ఎక్కడికి పోవుచున్నది? కొంత ఆవిరియగును. కొంత పైరు త్రాగును. జోరువాన పడిన నాడు మాత్రము చాల భాగము ఎర్రగా పారి వంకలో కలియును. ఆ ఎర్రదనము మన చేని పైమన్నే. ఇట్లు పోయిన నీటిని వెదకుకొనుచు మనము వందల అడుగుల లోతునకు బోర్లు దింపుచున్నాము. ఒకటి ఎండినచో దాని ప్రక్కన మరియొకటి. బోరునకు చేసిన అప్పు మిగులును గాని నీరు మిగులదు. కావున మరియొక బోరునకు అప్పు చేయుటకు ముందు మీ చేని పైపొరను ఒకసారి పరీక్షించి చూడుడని మీకు చెప్పుటకే ఈ వ్యాసము వ్రాయుచున్నాను. ఇది ముఖ్యముగా ఎర్ర చల్క, ఇసుక చల్క నేలల రైతులను ఉద్దేశించినది.

నేల నోరు మూసికొనుట

పెద్ద వాన చినుకు నేలను తాకునప్పటికి సెకనుకు సుమారు 9 మీటర్ల వేగము కలిగియుండును. ఏ ఆచ్ఛాదనయు లేని నేలపై అది సుత్తి దెబ్బ వలె పడును. మట్టి పెళ్ల చిట్లి సన్నని ఒండుగా మారును. ఆ ఒండు నేలలోని సందులలో కూరుకొని పైన ఒక పలుచని పొరగా ఏర్పడును. ఎండ కాయగానే అది అట్ట కట్టును. ఆ తరువాత పడిన వానకు లోపలికి దారి యుండదు. అడుగు లోతున మట్టి ఎండి యుండగా పైన నీరు పారిపోవుట మీరందరు చూచినదే.

మన ఎర్ర నేలలు ఈ వ్యాధికి సులభముగా లొంగును. వీనిలో ఇసుక ఎక్కువ, మట్టిని పట్టి కట్టియుంచు సేంద్రియ పదార్థము తక్కువ. 20వ శతాబ్దపు ద్వితీయార్థమున వేరుసెనగ వచ్చి కొర్ర, జొన్న, ఆరికలను ప్రక్కకు నెట్టినది. వేరుసెనగ మంచి పంటయే. డబ్బు చూపిన పంట. కాని దానిని వేరుతో సహా పెరికి, కట్టెను పశువులకు వేయుదుము. కొర్ర కోసిన చేలో మోళ్లయినను మిగులును, వేరుసెనగ పెరికిన చేలో ఏమియు మిగులదు. నవంబరు మొదలు జూలై వరకు ఎనిమిది నెలలు చేను బోసిగా ఎండలో పడియుండును. వేసవిలో పడు రెండు మూడు వానలును తొలకరియు ఆ బోసి నేలపైననే పడును.

కర్బనము గూర్చి ఒక మాట

సేంద్రియ కర్బనము కొంచెము పెరిగినచో నేల లక్షల లీటర్ల నీటిని అదనముగా పట్టియుంచునని సభలలో చెప్పుట నేను విన్నాను. ఇది అతిశయోక్తి. వివిధ దేశముల నేలలపై జరిగిన వేలాది కొలతలను క్రోడీకరించిన ఒక అధ్యయనము 2018లో వెలువడినది. కర్బనము ఒక శాతము పెరిగినచో 100 మిల్లీమీటర్ల మందము మట్టిలో పైరునకు అందు నీరు సగటున 1.16 మిల్లీమీటర్లు మాత్రమే పెరుగునని అందు తేలినది. అనగా అడుగు లోతు మట్టికి ఎకరమున సుమారు 14,000 లీటర్లు. కర్బనము అర శాతమైనను లేని మన చల్కలలో దానిని ఒక శాతము పెంచుట అనేక ఏండ్ల పని.

మరి సేంద్రియ పదార్థమునకై శ్రమించుట ఎందుకు? 50 మిల్లీమీటర్ల జోరువాన ఒకటి పడినదనుకొనుడు. దానిలో సగము పారిపోయినచో ఎకరమునకు లక్ష లీటర్లు ఒక్క పూటలో పోయినట్లే. ఈ లక్షను ఆ 14,000తో పోల్చి చూడుడు. మన చల్కలలో ముందుగా సరిచేయవలసినది నీటి కుండ పరిమాణము కాదు, దాని మూతి. చెత్త, వేళ్లు, ఎఱ్ఱలు కలిసి ఆ మూతిని తెరచియుంచును. ఇందులకు అనేక ఏండ్లు ఆగనక్కరలేదు. నేలను కప్పిన మొదటి ఏటనే కొంత తేడా కనిపించును.

డబ్బా పరీక్ష

నా మాట నమ్మనక్కరలేదు. రెండు వైపుల మూతలు తీసిన ఒక పాత రేకు డబ్బా తీసికొనుడు. చేని నడుమ దానిని రెండంగుళముల లోతునకు దింపుడు. లోపల అంగుళము ఎత్తు నీరు పోసి, అది ఇంకుటకు ఎన్ని నిమిషములు పట్టునో చూడుడు. తరువాత అదే డబ్బాను గట్టుపై వేపచెట్టు క్రింద, ఎన్నడును నాగలి తగులని చోట, దింపి అంతే నీరు పోయుడు. రెండు చోట్లను మట్టి పొడిగా నున్న రోజున ఈ పని చేయవలెను. గట్టు మట్టియు చేని మట్టియు పుట్టుకతో ఒకటే, పెంపకములోనే భేదము.

ఇంకొక పరీక్ష ఇంతకంటె సులువు. రెండు గాజు గ్లాసులలో నీరు పోసి, చేని మట్టి పెళ్ల నొకదానిలోను, గట్టు మట్టి పెళ్ల నొకదానిలోను మెల్లగా వదలుడు. బలము లేని మట్టి చూచుచుండగనే కరగి బురదయగును. వేళ్లు అల్లుకొనియున్న మట్టి చాలసేపు విడిపోక నిలుచును. బడి పిల్లలకు చూపదగిన పరీక్ష ఇది. పెద్దలకు మనము చెప్పినదానికంటె పిల్లలు ఇంటికి పోయి చెప్పిన మాట ఎక్కువ నాటును.

చేలో చేయవలసిన పని

మొదటిది నేలను కప్పియుంచుట. కందికట్టె పొయ్యిలోనికి, వేరుసెనగ కట్టె పశువులకు పోవునని నేను ఎరుగుదును. వానిని తెచ్చి చేలో పరచుడని చెప్పిన ఎవరును వినరు, వినుట న్యాయమును కాదు. అందువలన కప్పునది చేలోనే పండవలెను. ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ 2016 నుండి సాగించుచున్న ప్రకృతి వ్యవసాయ కార్యక్రమమున తొలకరికి ముందే పొడి దుక్కిలో నవధాన్యములు చల్లు పద్ధతి ప్రచారములోనికి వచ్చినది. సజ్జ, కొర్ర, జొన్న, అలసంద, పెసర, ఉలవ, నువ్వు, జనుము మొదలగు విత్తనములను కలిపి, చీమలు పక్షులు తినకుండ బంకమట్టి, బూడిద పూతపట్టించి, ఏప్రిల్, మే నెలలలో చల్లుదురు. వేసవి వాన పడగానే ఇవి మొలచును. ఆ ఆకు మాటున తొలకరి చినుకు నేలను నేరుగా కొట్టజాలదు.

ఇందు రెండు చిక్కులున్నవి. పచ్చని మొక్క ఊరకుండదు, నీరు త్రాగును. కావున అసలు పంట విత్తుటకు పది పదిహేను రోజుల ముందే దానిని కోసి చాళ్ల నడుమ పరచవలెను. లేనిచో వేరుసెనగకు దక్కవలసిన పదును నవధాన్యమే తినివేయును. రెండవది, వేసవి వాన అసలే రాని ఏట విత్తనము ఖర్చు వృథా కావచ్చును. అందుచేత మొదటి ఏట అర ఎకరముతోనే మొదలుపెట్టుడు. మిగిలిన చేను పాత పద్ధతిలోనే యుంచినచో రెంటికి భేదము మీ కన్నులతోనే చూడవచ్చును.

రెండవ పని, నీటి నడకను ఆపుట. వాలు వెంబడి దున్నిన ప్రతి చాలు ఒక పిల్లకాలువయే. వాలుకు అడ్డముగా దున్ని, అడ్డముగానే విత్తవలెను. సమతల రేఖ గుర్తించుటకు మూడు కర్రలు, ఒక దారము, ఒక రాయితో చేసిన ‘ఎ’ ఆకారపు చట్రము చాలును. ఏడు చాళ్ల వేరుసెనగకు ఒక చాలు కంది వేయు రైతులు ఆ కంది చాలు ప్రక్కన నాగలితో ఒక లోతైన చాలు తీసి వదలవలెను.  జోరువాన నీరు దానిలో నిలిచి ఇంకును, కంది వేళ్లకు అందును. దీనికి అదనముగా అయ్యెడి ఖర్చు ఒక పూట కాడి మాత్రమే.

గట్ల మీద గ్లిరిసిడియా మొక్కలను అర మీటరు ఎడముగా నాటుడు. రెండవ ఏటి నుండి నేలకు ముక్కాలు మీటరు ఎత్తున కొమ్మ నరికి ఆకును చేలో పరచవచ్చును. పశువులు దీనిని అంతగా ముట్టవు గనుక కంచె బాధ తక్కువ. చెరువు పూడిక మట్టి దొరకినచో ఇసుక చల్కలకు మేలే, కాని తోలించుటకు ముందు చౌడు లేదని పరీక్ష చేయించుకొనుడు.

ఊరు కలిసిరావలసిన చోటు

ఒక్కరు చేయగలిగినది ఇంతవరకే. పంట తీయగానే చేలన్నియు ఊరి జీవాలకు వదలు ఆచారము మనకు గలదు. మీరు మోళ్లు వదలిపెట్టిననూ, నవధాన్యము చల్లిననూ మంద వచ్చి మొదలంట మేసి పోవును. గొర్రెలవారిని నిందించి ప్రయోజనము లేదు. మంద పెంటికలు మన చేలకే ఎరువు. ఏ చేలు ఎప్పటివరకు మూసియుంచవలెనో, ఏ బీళ్లు మేతకు విడువవలెనో వారిని కూర్చుండబెట్టుకొనియే నిర్ణయించవలెను.

మహారాష్ట్రలోని హివ్రే బజార్ గ్రామము 400 మిల్లీమీటర్ల వానలతోనే ఈ పని చేసినది. 1990 ప్రాంతమున పోపట్‌రావ్ పవార్ సర్పంచిగా వచ్చిన పిదప ఆ ఊరివారు గుట్టలపై సమతల కందకములు త్రవ్విరి, విచ్చలవిడి మేపు మానిరి. సాగునకు బోర్లు వేయరాదని, చెరకు పెట్టరాదని కట్టుబాటు చేసికొనిరి. వానలు ముగియగానే ఊరిలో నీరెంత యున్నదో లెక్క కట్టి, మనుషులకు పశువులకు పోను మిగిలినదానిని బట్టి రబీ పంటలను నిర్ణయింతురు. పవార్ గారికి 2020లో పద్మశ్రీ లభించినది. నన్నడిగినచో కందకములకంటె ఆ కట్టుబాటే గొప్పది. కందకములు త్రవ్వి, ఇంకిన నీటిని కొత్త బోర్లతో తోడివేసిన ఊళ్లు మన దగ్గర లేకపోలేదు.

తెలంగాణలో రంగారెడ్డి జిల్లా కొత్తపల్లిలో 1999 నుండి ఇక్రిశాట్ మరికొన్ని సంస్థలతో కలిసి నడిపిన వాటర్‌షెడ్డును కూడ చూచిరావచ్చును. అది నల్లరేగడి. అక్కడ వెడల్పు మళ్లు, వాని నడుమ చాళ్లు, గట్లపై గ్లిరిసిడియా, వాగులపై చెక్‌డ్యాములు కలిపి ప్రయోగించిరి. నల్లరేగడిలో మిగులు నీరు మెల్లగా బయటికి పోవుటయు ముఖ్యమే గనుక, చల్క రైతు ఆ మళ్ల పద్ధతిని ఉన్నదున్నట్లు అనుకరింపరాదు.

ఈ ఏటికి ఒక పని తప్పక చేయుడు. మొదటి జోరువాన పడుచుండగనే గొడుగు తీసికొని చేనికి పొండు. నీరు ఏ మూలనుండి లోనికి వచ్చుచున్నది, ఏ మూలనుండి బయటికి పోవుచున్నది చూచి, ఆ రెండు చోట్లను ఒక్కొక్క రాయి పాతుడు. వాన వెలసిన పిదప ఈ జాడ సరిగా తెలియదు. ఆ రాళ్లను చూపినచో గట్టు ఎక్కడ వేయవలెనో, చాలు ఎటు తిప్పవలెనో మీ గ్రామములోని రైతు సేవా కేంద్రపు వ్యవసాయ సహాయకుడు మీతో కలిసి చేలోనే గుర్తు పెట్టగలడు.