నెగటివునకు నీళ్లెన్ని?

మన వాడుకలో ‘ఫోటోలు కడిగించుట’ యనగా చిత్రములు తయారు చేయించుటయే. నేనిచట చెప్పదలచినది అసలైన కడుగుటను గూర్చి. ఛాయాచిత్రకారులు వెలుగును గూర్చి మాటలాడుదురు. కటకమును గూర్చి వాదింతురు. నీటిని గూర్చి పలుకువారు అరుదు. చిత్రము నూఱేండ్లు నిలుచునా, పదియేండ్లకే పసుపువారునా యనునది పెక్కుమార్లు ఆ నీటిలోనే తేలును.

నేడు చిత్రములు చాలవఱకు ఫిలిము లేకయే పుట్టుచున్నవి. అయినను, నాలుగంగుళముల వెడల్పు, ఐదంగుళముల నిడివి గల షీటు ఫిలిముమీద చిత్రము తీసి, ఇంటనే ఒక గది చీకటి చేసికొని సిద్ధపఱచుకొను వారింకను గలరు. వారి పళ్లెములో ఉపాధ్యాయులకొక మంచి రసాయన పాఠమున్నది.

డెవలపరులో, వెలుగు సోకిన వెండి లవణము నల్లని వెండిగా మారును. సోకని దానిని కరిగించి తొలగించునది హైపో, అనగా సోడియం థయోసల్ఫేటు. ఇది వెండి లవణములను కరిగించునని జాన్ హెర్షెల్ 1819లోనే కనుగొనెను. ఇరువదియేండ్లకు, 1839లో, ఫోటోగ్రఫీ లోకమునకు వెల్లడియైనపుడు గాని ఆ సంగతి అక్కఱకు రాలేదు. “ఈ పాఠమెందుల”కని అడుగు విద్యార్థికి చెప్పదగిన కథ!

పని తీఱిన హైపో, ఇల్లు విడువని చుట్టమువలె జెలటిను పొరలో నిలిచెనా, క్రమముగా విచ్ఛిన్నమై వెండిని సల్ఫైడుగా మార్చును. నలుపు తగ్గి గోధుమవన్నె దేరును. 1855లో లండను ఫోటోగ్రాఫిక్ సొసైటీవారు చిత్రములేల వెలిసిపోవుచున్నవో విచారించుటకొక సంఘమును నియమింపగా, విక్టోరియా రాణి భర్త ఆల్బర్టు 50 పౌనులు విరాళమిచ్చెను. సంఘము పట్టిన దోషులలో మొదటిది, సరిగా కడుగక విడిచిన హైపోయే.

మనకు దగ్గఱి ఉదాహరణము రాజా దీనదయాళ్ (1844–1905). ఆఱవ నిజాము ఆస్థాన ఛాయాచిత్రకారుడైన ఆయన స్టూడియో గాజుపలకలు 2,857 నేడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమున నున్నవి. జెలటిను పొర గల గాజుపలకకైనను షీటు ఫిలిమునకైనను కడుగు సూత్రమొక్కటే.

ఆ సూత్రము వ్యాపనము. పొరలో హైపో ఎక్కువగాను నీటిలో తక్కువగాను ఉన్నంతవఱకే అది బయటికి నడచును. నీరు మార్చకున్న ఆ భేదము సమసి, నడక ఆగును. కొళాయి గంటసేపు విప్పియుంచి నిశ్చింతగా నుండువారిని నేను మెచ్చను. ఒక అంచున పడి మఱియొక అంచున పొరలిపోవు నీరు అడుగునున్న షీటును సరిగా తాకకయే పోవచ్చును.

లెక్క చూడుడు. షీటు వెంట 5 మిల్లీలీటర్ల హైపో ద్రావణము అరలీటరు నీటిలోనికి వచ్చెననుకొందము. సమముగా కలిసినచో దాని గాఢత సుమారు నూఱవ వంతగును. ఆ నీరు పాఱబోసి మఱల అంతయే పోసిన పదివేలవ వంతు. మూడవమాఱు పదిలక్షలవ వంతు. లీటరున్నరతో, కాగితముమీద, పని ముగిసినది! పొర మాత్రమంత త్వరగా వదలదు. కావున పళ్లెమును మెల్లగా ఊపుచు, రెండుమూడు నిమిషములకొకసారి, ఎనిమిది పదిమార్లు నీరు మార్చుట మేలు. నాలుగైదు లీటర్లు చాలును. వేసవిలో బిందెలు లెక్కించు ఇండ్లకిది చిన్న సంగతి కాదు.

సముద్రపు నీరు మంచినీటికంటె త్వరగా హైపోను వెడలించునని 1940–50 దశాబ్దమున కొడాక్ పరిశోధకులు తేల్చిరి. ఆ ఉప్పు నిలిచిన చేటు గనుక కడపట మంచినీరు తప్పదు. సోడియం సల్ఫైటు రెండు శాతపు ద్రావణమున కొలదిసేపు ముంచుటయు ఈ మార్గమున వచ్చినదే.

తడిసిన జెలటిను బహు మెత్తన. ఒక షీటు మూల మఱియొకదానిని గీకును. చేయి తిరుగువఱకు పళ్లెమునకొక్క షీటే ఉంచుడు, గోళ్లు కత్తిరించుకొనుడు. నీటి వేడిమి డెవలపరు, హైపోల వేడిమికి దగ్గఱగా నుండవలెను. హఠాత్తుగా మారిన, పొర వల అల్లినట్లు ముడుతలు పడును.

పాఠశాలలో చేయదగిన పరీక్ష కలదు. చివరి నీటి బొట్లను పలుచని పొటాసియం పర్మాంగనేటు ద్రావణములో రాల్చుడు. ఊదారంగు వెలిసిన, హైపో ఇంకను ఉన్నట్లు అనుమానింపవలెను. నీటిలోని ఇతర మలినములును రంగును పోగొట్టగలవు గనుక, వేఱొక నాళికలో ఉత్త కొళాయి నీటితోను చేసి పోల్చుకొనుడు.

అటుపై స్వేద్యజలమున ఒకసారి ముంచి, షీటును ఒక మూల పట్టి దుమ్ములేని చోట వ్రేలాడదీయుడు. ఆఱువఱకు ఫంకా వేయరాదు.